ట్రాక్ మీద మలుపులో కారు వెనక భాగం ఎందుకు తిరిగిపోతోంది? బ్రేకు, గేరు ఎక్కడ వాడాలి?

ప్రశ్న: భీమవరం దగ్గరి నుంచి

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గరి పల్లెటూరు. రొయ్యల చెరువులు సాగు చేసుకుంటాను. కార్ల పందేలంటే చిన్ననాటి నుంచి ఉన్న ఇష్టం కొద్దీ, గడచిన ఏడాదిలో రెండుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు వెళ్లి, ఔత్సాహికులను అనుమతించే రోజుల్లో నా సొంత హ్యాచ్‌బ్యాక్ నడిపాను. ముందు చక్రాలకు శక్తి అందే మామూలు పెట్రోలు కారు అది. చేత్తో మార్చుకునే అయిదు గేర్లు, గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి.

మొదటిసారి భయంభయంగా నడిపి ఏ ఇబ్బందీ లేకుండా తిరిగి వచ్చాను. రెండోసారి మాత్రం సమయం తగ్గించుకోవాలన్న పట్టుదలతో, ప్రతి చుట్టులోనూ బ్రేకు వేసే చోటును కొంచెం కొంచెంగా మలుపుకు దగ్గరగా జరుపుతూ పోయాను. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వస్తూ ఒక కుడి మలుపు దగ్గర ఆలస్యంగా బ్రేకు వేసి, అది సరిపోక మలుపు లోపల కూడా తొక్కుతూనే, మూడో గేరు నుంచి రెండో గేరుకు మార్చి క్లచ్ ఒక్కసారిగా వదిలాను. మొదట కారు ముక్కు తిరగలేదు. అందుకని స్టీరింగ్ ఇంకా తిప్పాను. రోడ్డు అంచు దగ్గర పడుతుండడం చూసి బ్రేకు మీద నుంచి కాలు టక్కున తీసేశాను. ఆ క్షణంలోనే వెనక భాగం గిరుక్కున తిరిగి, కారు వచ్చిన దారి వైపు ముఖం పెట్టి పక్కనున్న మట్టిలో ఆగింది. నాకు గానీ కారుకు గానీ దెబ్బ తగలలేదు. అయితే ముక్కు తిరగని కారుకు మరుక్షణంలో వెనక భాగం ఎలా తిరిగిపోయిందో నాకు నేటికీ అర్థం కాలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అదే రోజు, అదే మోడల్ కారుతో, నా కంటే ముందుగా బ్రేకు వేస్తున్న ఒకరు ప్రతి చుట్టులోనూ నా కంటే దాదాపు ఆరు సెకన్లు తక్కువ తీసుకున్నారు. నేను కారు నేర్చుకున్నది కాలువ గట్ల మీద, చెరువుల మధ్య లంబకోణంలో మలుపులు తిరిగే ఇరుకు రోడ్ల మీద. ఆ అలవాట్లే అడ్డు పడుతున్నాయా? బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ వదలాలి, గేరు ఎప్పుడు మార్చాలి అన్నది అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే రుణపడి ఉంటాను.

సమాధానం: కాకినాడ నుంచి

తమ్ముడికి నమస్కారం. కారు తిరిగిన తీరును మీరు వరుస తప్పకుండా రాశారు కనుక జవాబు చెప్పడం తేలికైంది.

టైరుకు ఉన్న పట్టు ఒక బోదెలో పారే నీటి లాంటిది. ఆ బోదె కింద రెండు మళ్లున్నాయి, ఒకటి బ్రేకు, రెండోది మలుపు. బ్రేకు మడికి నీరంతా మళ్లిస్తే మలుపు మడికి చుక్క రాదు. మీరు మలుపులోకి వచ్చాక కూడా బలంగా తొక్కుతూనే ఉన్నారు. పైగా రెండో గేరు వేసి క్లచ్ ఒక్కసారి వదలడంతో ఇంజన్ కూడా అవే ముందు చక్రాలను వెనక్కి పట్టి లాగింది. ముందు టైర్ల పట్టంతా కారును ఆపడానికే ఖర్చయింది, కాబట్టి ముక్కు తిరగలేదు. అప్పుడు మీరు స్టీరింగ్ ఇంకా తిప్పి, ఆ తిప్పిన స్థితిలోనే కాలు టక్కున తీశారు. బ్రేకు మడికి పోతున్న నీరంతా ఒక్క క్షణంలో మలుపు మడికి మళ్లింది. ముందు చక్రాలు ఎంత తిరిగి ఉన్నాయో అంత గట్టిగా కారును పక్కకు లాగాయి. బరువు మీద పడక తేలికైపోయిన వెనక టైర్లు ఆ లాగుడుకు నిలబడలేకపోయాయి. మొదట తిరగనిదీ, తరవాత మితిమీరి తిరిగిందీ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

వెనక టైర్లు ఎంత తేలికవుతాయో లెక్క వేసి చూడండి. కారు బరువు 900 కిలోలు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, గురుత్వ కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉన్నాయనుకుందాం. గురుత్వ త్వరణంలో 0.8 వంతు బలంతో బ్రేకు వేస్తే 150 కిలోల భారం వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు జరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు వెనక ఇరుసు మోసేది దాదాపు 340 కిలోలైతే, అది 190కి పడిపోతుంది. ముందు ఇంజను, ముందు చక్రాలకే శక్తి ఉన్న మన కార్లలో వెనక భాగం మొదటి నుంచీ తేలికే కనుక, మలుపు మధ్యలో భారాన్ని అటూ ఇటూ కుదపడం ఎంత మాత్రం పనికిరాదు. కావిడి మోసేవాడు ఉన్నట్టుండి ఆగినా, ఉన్నట్టుండి కదిలినా కుండలు ఊగి నీళ్లు ఒలికిపోతాయి. అడుగు మార్చే ముందు ఆ ఊపును భుజంతో అదుపు చేసుకున్నట్టే, మనం పాదంతో చేసుకోవాలి.

అందుచేత మీరు నేర్చుకోవలసింది బ్రేకు ఎంత గట్టిగా తొక్కాలన్నది కాదు, ఎలా వదలాలన్నది. కారు తిన్నగా, స్టీరింగ్ నిటారుగా ఉండగానే బ్రేకును తన్నినట్టు కాకుండా, వేగంగానే అయినా పిండినట్టు నొక్కి, ముందు స్ప్రింగులు కుంగిన వెంటనే పూర్తి బలానికి తేవాలి. పాదం కింద ఏబీఎస్ టకటకమని కొట్టడం తెలుస్తుంటే టైరు హద్దు దాటిందని అర్థం. ఆ హద్దుకు వెంట్రుక వాసి ఇవతల ఉండడానికి ప్రయత్నించండి. మలుపు దగ్గర పడుతుండగా ఒత్తిడిని మెల్లమెల్లగా తగ్గించి, స్టీరింగ్ తిప్పడం మొదలయ్యే సరికి పాదం దాదాపుగా పెడల్ మీద నుంచి లేచిపోవాలి. టక్కున తీయడం అన్న మాటే ఉండకూడదు.

ఇక ఆలస్యంగా బ్రేకు వేస్తే సమయం కలిసివస్తుందన్న నమ్మకం గురించి. 0.8 వంతు బలంతో 140 నుంచి 70కి తగ్గడానికి సుమారు 72 మీటర్లు పడుతుంది. 150తో వస్తే 86 మీటర్లు కావాలి. వేగం పది కిలోమీటర్లే పెరిగినా దూరం 14 మీటర్లు పెరిగింది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఇది తప్పదు. ఇప్పుడు తిరగేసి చూడండి. మీరు బ్రేకును అయిదు మీటర్లు ముందుగా వేశారనుకోండి. ఆ అయిదు మీటర్లను 140తో కాక 70తో దాటవలసి వస్తుంది. నష్టం సెకనులో 0.13 వంతు మాత్రమే. అలా ముందే స్థిరపడిన కారుతో మలుపులో తొందరగా యాక్సిలరేటర్ తొక్కగలిగి, ఆ తరవాతి 500 మీటర్ల తిన్నని దారిలో సగటు వేగం 115 నుంచి 117కి పెరిగిందనుకుంటే, 15.65 సెకన్లు పట్టేది 15.38 సెకన్లకు వస్తుంది. లాభం 0.27, పోగొట్టుకున్న దానికి రెండింతలు. మీ కంటే ముందుగా బ్రేకు వేసిన ఆ వ్యక్తి మీ కంటే ముందు ఇల్లు చేరడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

సమాధానం: అమలాపురం నుంచి

కాకినాడ అన్నయ్యగారు బ్రేకు సంగతి చెప్పారు కనుక నేను దారి గురించి రాస్తాను. నేను కొన్నేళ్లు చిన్న రేసు బండ్లతో జరిగే కార్టింగ్, మైదానంలో గుర్తుల మధ్య సమయం లెక్కన నడిపే ఆటోక్రాస్ పోటీల్లో పాల్గొన్నాను. మొదటి రెండేళ్లూ నన్ను వెనక్కి లాగింది నా చేతిలో తక్కువ కాదు, మన కోనసీమ రోడ్లు నాకు నేర్పిన భయం. అందుకే మీరు అడిగిన అలవాట్ల ప్రశ్న నాకు సూటిగా తగిలింది.

గట్టు మీద ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలు. మలుపు బయటి వైపు నీళ్లుంటే మనకు తెలియకుండానే చేతులు ముందుగా లోపలి వైపు తిరుగుతాయి. ఎదురుగా కొబ్బరికాయల లోడుతో వ్యాన్ రావచ్చు, వడ్లు ఆరబోసి ఉండవచ్చు, కనుక మన సగం దాటి మలుపును వాడుకునే ప్రసక్తే ఉండదు. రోడ్డు మీద అది ప్రాణం కాపాడే అలవాటే. దాన్ని వదలమని ఎవరూ చెప్పకూడదు. ట్రాక్ మీద మాత్రం ఆ ముందుగా తిరగడమే నష్టం చేస్తుంది. మలుపు లోపలి అంచుకు అతి దగ్గరగా వెళ్లే చోటును అపెక్స్ అంటారు. ముందుగా తిరిగితే ఆ అపెక్స్ కూడా ముందే వచ్చేస్తుంది. అక్కడి నుంచి కారు బయటి అంచు వైపు కొట్టుకుపోతుంది. సరిగ్గా యాక్సిలరేటర్ తొక్కవలసిన చోట మీరు స్టీరింగ్ ఇంకా తిప్పవలసి వస్తుంది, లేదా కాలు తీయవలసి వస్తుంది. మీ సంఘటనలో రోడ్డు అంచు దగ్గర పడిందన్నారు చూడండి, అది ఆలస్యపు బ్రేకుతో పాటు తొందరపడి తిరిగినందువల్ల కూడా అయి ఉండవచ్చు.

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. అపెక్స్ దాటిన తరవాత మీ చేతులు స్టీరింగ్‌ను నిటారు చేస్తూ రావాలి. అక్కడ ఇంకా తిప్పవలసి వచ్చిందంటే ముందుగా తిరిగారని తెలుసుకోండి. తరవాతి చుట్టులో ఒక కారు పొడవంత ఆలస్యంగా తిప్పి చూడండి.

ట్రాక్ వెడల్పంతా ఎందుకు వాడుకోవాలో చెప్పడానికి ఒక చిన్న లెక్క చాలు. టైరు పట్టు గురుత్వంలో 0.9 వంతు అనుకుంటే, 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపును గంటకు 58 లేదా 59 కిలోమీటర్ల వేగంతో తిరగగలం. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు చేరి అదే వంపును 45 మీటర్ల వ్యాసార్ధంగా మలచుకుంటే, అదే టైరు మనల్ని దాదాపు 72 కిలోమీటర్ల వేగంతో తీసుకుపోతుంది. ధైర్యం ఏమీ పెంచుకోకుండానే వచ్చిన పదమూడు కిలోమీటర్లవి.

కళ్ల సంగతి కూడా మరచిపోకండి. గట్టు మీద రాత్రిపూట మన చూపు బానెట్ ముందున్న రోడ్డు అంచుకు అతుక్కుపోతుంది. ట్రాక్ మీద బ్రేకు వేస్తుండగానే చూపు అపెక్స్‌కు, అపెక్స్ చేరకముందే బయటపడే అంచుకు వెళ్లిపోవాలి. చేతులు చూపు వెంట నడుస్తాయి. ఇది నాకు మాటలతో వంటపట్టలేదు. నా పక్కన ఇంకో కార్టు నడిపిన ఒక పెద్దావిడ తల ఎటు తిరిగి ఉందో చూశాక గానీ అర్థం కాలేదు.

సమాధానం: తణుకు నుంచి

నేను మెకానిక్‌ని. నడపడం గురించి పెద్దలు చెప్పారు, నేను కారు గురించి చెబుతాను. బ్రేకు సరిపోక మలుపు లోపల కూడా తొక్కుతూనే ఉన్నానని మీరు రాశారు. పెడల్ ఎప్పటి కంటే లోతుకు వెళ్లిందా, మెత్తగా అనిపించిందా అన్నది గుర్తు చేసుకోండి. అలా అయితే తప్పు పాదానిది మాత్రమే కాదు.

పెడల్ ఒత్తిడిని చక్రాల దగ్గరి బ్రేకులకు చేర్చే ద్రవం, బ్రేక్ ఫ్లూయిడ్, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం, సుమారు 3.7 శాతం నీరు చేరాక అది 155 డిగ్రీల వరకు పడిపోవచ్చు. సముద్రపు గాలి, చెరువుల తేమ మధ్య తిరిగే మన డెల్టా కార్లలో ఫ్లూయిడ్‌ను రెండేళ్ల వరకు ఆగకుండా మార్చడమే మంచిదని నా అభిప్రాయం. ట్రాక్ మీదికి వెళ్లే ముందైతే తప్పకుండా మార్చాలి. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కనుక పెడల్ నేల వరకు దిగిపోయినా బ్రేకు పడదు. డాట్ 4 ఉన్న కారులో సిలికాన్ రకమైన డాట్ 5 పోయకండి, ఆ రెండూ కలవవు.

పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగడం లేదంటే అది బ్రేకు డిస్కును నొక్కి పట్టే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోవడం. రోడ్డు కోసం చేసిన ప్యాడ్లతో వరసగా మూడు నాలుగు చుట్లు గట్టిగా తిరిగాక ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి గాలి తగలనివ్వండి. బయటికి వచ్చి ఆపాక, డిస్కులు కాలుతుండగా బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోవద్దు. హ్యాండ్‌బ్రేక్ లాగే బదులు గేరులో ఉంచి, చక్రం కింద చెక్క పెట్టండి.

తిరిగి ప్రశ్న వేసినవారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. తణుకు అన్నగారు అడిగాక గుర్తు చేసుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నానికి పెడల్ నిజంగానే మెత్తబడింది; ఫ్లూయిడ్ మార్చి మూడేళ్లు దాటింది. ఆ తరవాత ఎవరూ ఆ మాట నాతో అనలేదు, నేనూ అడగలేదు.

గేరు సంగతి మిగిలిపోయింది. మలుపుకు ముందు రెండో గేరుకు ఎప్పుడు రావాలి? మడమతో, వేళ్లతో రెండు పెడళ్లనూ ఒకేసారి తొక్కే హీల్ అండ్ టో పద్ధతి నాలాంటి వారికి అవసరమా? ఇంటి దగ్గర సాధన చేసే మార్గం ఉందా?

సమాధానం: కాకినాడ నుంచి

గేరు తగ్గించడం కారును ఆపడానికి కాదు, మలుపు నుంచి బయటపడడానికి. ఆపడానికి బ్రేకులున్నాయి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే, గేరు మార్చవలసిన సమయం బ్రేకు వేయడం ముగిసే చోటికి తనంతట తానే జరుగుతుంది.

తొందరపడితే ఏమవుతుందో చూడండి. మీ గేర్‌బాక్సులో మూడో గేరు నిష్పత్తి 1.28, రెండోది 1.9 అనుకుందాం. మూడో గేరులో ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుండగా రెండో గేరు వేసి క్లచ్ వదిలితే, చక్రాలు ఇంజనును 7400 చుట్లకు లాగుతాయి. ఇంజను తనంతట తాను హద్దు దాటకుండా పెట్రోలు ఆపే ఏర్పాటు ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఇప్పుడు ఇంజనును తిప్పుతున్నది పెట్రోలు కాదు, రోడ్డు. వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పాడైపోయే ప్రమాదం ఉంది. అదే, బ్రేకు వేస్తూ మూడో గేరులోనే 3500 వరకు దిగనిచ్చి అప్పుడు మార్చితే 5200 దగ్గర నిలుస్తుంది. అందుకని ముందు బ్రేకు, వేగం దిగాక గేరు, గేరు పడ్డాక స్టీరింగ్. రెండు చేతులూ స్టీరింగ్ మీదికి వచ్చిన తరవాతే తిరగాలి.

క్లచ్ వదిలినప్పుడు వచ్చే కుదుపు ఎందుకో కూడా చెప్పాలి. గేర్‌బాక్సులోని సింక్రోమెష్ గేర్ల వేగాలను కలుపుతుంది కనుక పాత లారీల్లో లాగా క్లచ్ రెండుసార్లు తొక్కవలసిన పని లేదు. ఇంజను వేగాన్ని మాత్రం అది కలపలేదు. క్లచ్ తొక్కి ఉన్న ఆ అర సెకనులో ఇంజను 3500 నుంచి ఇంకా కిందికి జారుతుంది, కావలసింది 5200. ఆ తేడాను యాక్సిలరేటర్ మీద ఒక చిన్న తట్టుతో మనం పూరించకపోతే టైర్లు పూరించవలసి వస్తుంది. ముందు చక్రాల కారులో అప్పుడు ముక్కు జారుతుంది. వెనక చక్రాలకు శక్తి అందే రేసింగ్ కారులో వెనక చక్రాలు బిగుసుకుని కారే తిరిగిపోతుంది. బ్రేకు మీద ఒత్తిడి తగ్గకుండా ఆ తట్టు ఇవ్వడానికే హీల్ అండ్ టో పుట్టింది. పేరులో మడమ ఉన్నా, మన కార్లలో పాదం ముందు భాగపు ఎడమ సగంతో బ్రేకు తొక్కుతూ, కుడి అంచును యాక్సిలరేటర్ మీదికి ఒరిగించడమే చాలామందికి వీలుగా ఉంటుంది.

మీకు వెంటనే అవసరమా అంటే, కాదు. ఇప్పటికి బ్రేకింగ్ చివర గేరు మార్చి, క్లచ్‌ను ఒక లెక్క పెట్టుకుని నెమ్మదిగా వదలండి. రోడ్డు మీద వేగం ఏమీ పెంచకుండానే, బ్రేకు ప్రమేయం లేకుండా, గేరు తగ్గించేటప్పుడు తట్టు ఇచ్చే అలవాటు చేసుకోండి. కుదుపు లేకుండా గేరు పడిన రోజు మీ చెవికే తెలుస్తుంది. రెండు పెడళ్లనూ కలిపే సాధన మాత్రం ఆపి ఉంచిన కారులో చేయండి. పలుచని అడుగున్న బూట్లు వేసుకుని, బ్రేకును ట్రాక్ మీద తొక్కినంత బలంగా తొక్కి ఉంచి ప్రయత్నించాలి. మెత్తగా తొక్కితే బ్రేకు పెడల్ ఎత్తులోనే ఉండి యాక్సిలరేటర్ అందదు. చాలామంది అక్కడే విసుగెత్తి మానేస్తారు.

వేగపు సాధన ఖాళీ గట్టు మీద కూడా వద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రజల దారి మీద పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. అంతకంటే ముఖ్యంగా, ఆ మలుపు అవతల సైకిలు మీద బడి పిల్లలు వస్తుంటారు.

సమాధానం: అమలాపురం నుంచి

ఒక్క విషయంలో అన్నయ్యగారితో నాకు కొంచెం భేదం ఉంది. స్టీరింగ్ తిప్పే సరికి పాదం దాదాపుగా లేచిపోవాలన్నారు. మొదటి రోజులకు అది సరైనదే. అయితే ముందు చక్రాల కారులో చిక్కు ముక్కు తిరగకపోవడమే కనుక, చివరి పది శాతం ఒత్తిడిని మలుపు మొదటి భాగంలోకి తీసుకువెళ్లి, స్టీరింగ్ ఎంత తిరుగుతుందో అంత బ్రేకు వదులుతూ పోతే ముందు టైర్ల మీద బరువు నిలిచి కారు చక్కగా తిరుగుతుంది. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. బోదె నీటి పోలికలోనే చెప్పాలంటే ఒక తూము మూస్తూ ఇంకో తూము తెరవడం. లెక్క కూడా మనకు అనుకూలమే. పట్టులో 70 శాతం బ్రేకుకు పోయినా, రెండు బలాల దిశలూ వేరు కనుక మలుపుకు 30 కాదు, 71 శాతం వరకు మిగులుతుంది.

సమాధానం: కాకినాడ నుంచి

చెల్లెమ్మ చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆ లెక్కను నేను ముందే చెప్పి ఉండవలసింది. అయినా టక్కున కాలు తీసే అలవాటు పోయేవరకు తమ్ముడు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా మాట. అది పోయిందనడానికి గుర్తు, పక్క సీటులో కూర్చున్నవారి తల బ్రేకు వదిలిన క్షణంలో వెనక్కి ఊగకపోవడం.

ఈసారి వెళ్లినప్పుడు మొదటి విడత అంతా మూడు, నాలుగు గేర్లతోనే తిరగండి. ఇప్పుడు బ్రేకు వేస్తున్న చోటుకు ఇరవై మీటర్లు ముందే మొదలుపెట్టి, వదలడం ఒక్కటే గమనించండి. గడియారం చూడవద్దు. రెండో విడతలో ఆ చోటును అయిదేసి మీటర్లు మలుపు వైపుకు జరపండి. స్టీరింగ్ తిప్పే ముందు కారు తూగు సర్దుకోవడానికి సమయం చాలడం లేదని అనిపించిన చోట ఆగి, ఒక మెట్టు వెనక్కి రండి. మీ కారుకు, ఆ టైర్లకు, ఆ రోజుకు అదే బ్రేకు వేయవలసిన చోటు.

తిరిగి ప్రశ్న వేసినవారు

అలాగేనండి. ఫ్లూయిడ్ ఈ ఆదివారమే మార్పిస్తున్నాను. నిన్న సాయంత్రం చెరువు గట్టు దగ్గర కారు ఆపి, బూట్లు వేసుకుని పెడళ్ల మీద గంటసేపు సాధన చేశాను. బ్రేకు గట్టిగా తొక్కితేనే యాక్సిలరేటర్ అందుతుందన్నది అక్షరాలా నిజం; ఇరవైసార్లకు ఆరేడుసార్లు కుదిరింది. తదుపరి ట్రాక్ డేకి పక్క సీటులో మా తమ్ముణ్ని కూర్చోబెట్టుకోవడానికి అనుమతి ఉంటుందేమో కనుక్కుని, వాడి తల ఊగిందో లేదో వచ్చి ఇక్కడే రాస్తాను.